చెంబు నీడలో నీలం

ఈ వేసవికి పిల్లలిద్దరూ దిగేసరికి చిన్ని చేతిలో ఒక డబ్బా ఉంది. బట్టల సంచీని బాబిగాడి మీదకి తోసేసి డబ్బాని మాత్రం గుండెలకి హత్తుకుని వచ్చింది. వాళ్ల మేనత్త కొనిచ్చిందట. మూత తీస్తే 48 రంగుల పేస్టల్స్, స్పాంజి పరుపులో ఒద్దికగా పడుకుని ఉన్నాయి. "ముట్టుకుంటే పొడి రాలుతుంది తాతయ్యా" అంది ముందుగానే. బాబిగాడు అప్పటికే ముట్టుకున్నాడని వాడి ముక్కు మీది గులాబీ చుక్క చెబుతోంది. నేను బయటపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వసారాలో పీట వేసి, దాని మీద అమ్మమ్మ ఇత్తడి చెంబు, మూడు వెల్లుల్లిపాయలు, ఒక నిమ్మకాయ పెట్టుకుని కూచుంది. నేను కాఫీ తాగి పేపరు తిరగేసేలోపు బొమ్మ తెచ్చి చూపించింది. చెంబు బాగా కుదిరింది. మెడ దగ్గర మెరుపుంది, బొజ్జ మీద కిటికీ ఊచలు వంకర తిరిగి కనిపించడం కూడా వేసింది. ఎనిమిదో తరగతికి ఆ చూపు ఎక్కువే.

"అంతా బానే ఉంది తాతయ్యా. చెంబు మాత్రం పీట మీద కూచోనంటోంది."

నిజమే, చెంబు గాల్లో వేలాడుతోంది. దాని పక్కన బొగ్గుముక్క అరగదీసినట్టు నల్లటి మచ్చ, కాగితానికి చిల్లు పడ్డట్టుగా.

"ఇదేమిటే?"

"నీడ."

"నల్లకడ్డీ ఒక్కటే వాడావేం?"

"నీడంటే వెలుతురు లేకపోవడమే కదా. మా సైన్సు పుస్తకంలో అలాగే ఉంది."

పుస్తకంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పాఠంలో గదికి ఒకటే దీపం, ఆ గది గోడలన్నీ మసిబారినవి. అలాంటి గదిలో ఎవరు కాపురం చేస్తారు? "రా, మేడెక్కుదాం" అన్నాను.

మేడ మీద అమ్మమ్మ అప్పటికే పనిలో ఉంది. నా పాత తెల్లపంచె పరిచి, నాలుగు మూలలా ఇటుకముక్కలు పెట్టి, సగ్గుబియ్యం వడియాలు గరిటెతో వరసగా పోస్తోంది. బాబిగాడు కర్ర పట్టుకుని కాకులకి కాపలా. నేను పంచె మీద ఖాళీ చూసి చెయ్యి చాపాను.

"నా చేతి నీడ ఏ రంగు?"

"నలుపు" అంది. ఇంకోసారి చూసి, "కాదులే, బూడిదరంగు."

"చూడకుండానే చెప్పేస్తున్నావు. ఫోనుతో ఫోటో తియ్యి. తీసి, నీడ ఒక్కటే తెర నిండా వచ్చేలా వేళ్లతో లాగు."

లాగింది. "అమ్మో, నీలంగా ఉంది!" అని, పంచెకి నీలిమందు ఎక్కువైందేమోనని అమ్మమ్మ వంక అనుమానంగా చూసింది. ఆ పంచె నీలిమందు మొహం చూసి పదేళ్లయిందని అమ్మమ్మ తల ఎత్తకుండానే అంది. "అనుమానం మంచిదే. ఎండ పడిన చోట కూడా అలాగే లాగి చూడు. నీలిమందైతే అక్కడా ఉండాలిగా" అన్నాను. అక్కడ పంచె తెల్లగా, చిటికెడు పసుపు కలిపినట్టుగా ఉంది.

జరుగుతున్నది ఇది. పంచెకి వెలుతురు ఇచ్చేవాళ్లు ఇద్దరు. సూర్యుడు నేరుగా ఇస్తున్నాడు. ఆకాశం తన పళ్లెమంతా వంచి నాలుగువైపుల నుంచీ ఇస్తోంది. మబ్బు లేని రోజున ఎండ బాగా ఎక్కాక నేల మీద పడే వెలుతురులో నూటికి పది పదిహేను పాళ్లు ఆకాశానివే. నేను చెయ్యి అడ్డం పెడితే సూర్యుడి వాటా ఆగింది. ఆకాశం వాటా మాత్రం చేతి పక్కల నుంచి లోపలికి వస్తూనే ఉంది. అది నీలం. ఎంతసేపూ పెద్దాయన గొంతు కింద అణిగిపోయి ఉన్న చిన్నాయన మాట, పెద్దాయన అటు వెళ్లగానే వినిపించినట్టన్నమాట.

ఆకాశం నీలంగా ఎందుకుందో రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1871లో లెక్క కట్టాడు. గాలి అణువులు ఎర్ర కాంతి కన్నా నీలికాంతిని నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. చెదిరిన ఆ నీలమే అన్ని దిక్కుల నుంచీ మన మీద పడుతుంది. అంత నీలం పక్కదారి పట్టింది కనక నేరుగా వచ్చిన ఎండకి కాస్త పసుపు వాసన. (మన విశాఖలో చిన్నప్పుడు చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడ మీద వస్తూ మధ్యధరా సముద్రం నీలిమ చూసి, అది ఆకాశం తాలూకు ప్రతిబింబం కాదు, నీళ్లదే అని తేల్చాడు. అది మరో రోజు చెబుతాను, ఇప్పుడు మొదలెడితే వడియాలు ఎండిపోతాయి.)

ఈ సంగతి మన మాటకి ముందే తెలుసేమో అనిపిస్తుంది నాకు. 'ఛాయ' అంటే ఏమిటి? నీడ. చామనఛాయ అన్నప్పుడో? రంగు. చీరల కొట్లో "కొంచెం పసుపు ఛాయలో చూపించు బాబూ" అంటుంది మీ అమ్మమ్మ. నీడకీ రంగుకీ ఒకే మాట వాడుకునేవాళ్లం మనం, బొమ్మ వేయాల్సి వచ్చేసరికి నల్లకడ్డీ తీస్తాం.

ఇంతలో బాబిగాడు కేకేశాడు. "తాతయ్యా! కాకి నీడ ఉంది, తీగ నీడ లేదు!"

కరెంటు తీగ మీద కాకి. మేడ గచ్చు మీద కాకి నీడ మెత్తగా, అంచులు చెదిరి కనిపిస్తోంది. అది కూచున్న తీగ నీడ మాత్రం ఎంత వెతికినా లేదు. కాకి శూన్యంలో కూచున్నట్టుంది. వీడు కాపలా మానేసి ఇది పట్టాడంటే కర్ర ఇచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. మన కంటికి ఆ పళ్లెం అర డిగ్రీ వెడల్పు. చంద్రుడూ అంతే, సూర్యుణ్ని చూడకండి గానీ చంద్రుణ్ని కొలవొచ్చు: చెయ్యి చాపి చిటికెనవేలు అడ్డం పెడితే మొత్తం మాయమైపోతాడు. పళ్లెం కాబట్టి దాని ఒక అంచు కనిపించే చోటు నుంచి రెండో అంచు కనిపించకపోవచ్చు. అందుకే నీడకి నడుమ చిక్కదనం, చుట్టూ పలచని అంచు. వస్తువు ఒక మీటరు దూరంలో ఉంటే ఆ పలచని అంచు సుమారు 9 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరమైతే 9 సెంటీమీటర్లు. సెంటీమీటరు మందం తీగ అంత దూరం నుంచి సూర్యుడి పళ్లెం వెడల్పులో తొమ్మిదో వంతునే మూయగలదు. దాని నీడ మంచినీళ్ల బిందెలో పడ్డ పాలచుక్కలా కలిసిపోతుంది. కాకి బొజ్జ లావు కనక మిగిలింది. వడియం పంచెకి అంటుకునే ఉంది, అందుకే దాని నీడ గోరుతో గీసినంత స్పష్టంగా ఉంది. తాటాకు పాకల్లో పైకప్పు చిల్లులు ఏ ఆకారంలో ఉన్నా నేల మీద గుండ్రటి కాసులు పడేవి మా చిన్నప్పుడు. అవన్నీ సూర్యుడి బొమ్మలే.

"అంటే నీడ చెంబు దగ్గర గట్టిగా, దూరం పోయేకొద్దీ మెత్తగా వెయ్యాలన్నమాట" అంది చిన్ని. నేను చెప్పకుండానే అంది. ఆ పూటకి నాకది చాలు.

కిందకి వచ్చి పీట ముందు కూచున్నాం. పది నిమిషాల పాటు బొమ్మ వేయొద్దు, చూడడమే అని షరతు పెట్టాను. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదంది. తర్వాత ఒక్కొక్కటే బయటకి వచ్చాయి. చెంబు నీడలో చెంబుకి దగ్గరగా బంగారు రంగు మరక ఉంది. ఎండ చెంబు బొజ్జకి తగిలి, ఇత్తడి రంగు పూసుకుని, నీడలోకి దూకిందది. చెంబు అడుగున ఎరుపు, అది మా వసారా ఎర్రగచ్చు పంపింది. నిమ్మకాయ నీడ అంచున పలచటి పచ్చదనం. వెల్లుల్లి తొక్క మరీ పలచన, వెలుతురుని పూర్తిగా ఆపలేదు. అందుకని దాని నీడ కూడా సగం మనసుతో పడింది. ఇన్ని ఇచ్చిపుచ్చుకోవడాల మధ్య నలుపు ఉన్నది ఒక్కచోటే. చెంబు మట్టు పీటకి ఆనే దగ్గర, వెంట్రుకవాసి గీతలో. అక్కడికి ఆకాశమూ చూడలేదు, గచ్చూ చూడలేదు.

ఆ వెంట్రుకవాసి గీత వేయలేదు కనకనే చిన్ని చెంబు గాల్లో తేలింది. కాగితం మీద ఒక గుండ్రం గీసి, దాని కింద ఆనుకునేలా వేలితో ఒక మసక పులిమాను. బంతి నేల మీద ఉంది. ఇంకో గుండ్రం గీసి, మసకని రెండంగుళాలు కిందకి జరిపాను. బంతి ఎగిరింది. రెండు గుండ్రాలూ ఒకటే, ఎక్కడుందో చెప్పింది నీడ. దీన్ని అందరికన్నా ముందు వాడుకున్నది దమయంతి. స్వయంవరంలో ఒకేలాంటి ఐదుగురు నలులు కూచున్నారు. అందులో నలుగురు దేవతలు. దేవతలకి రెప్ప పడదు, చెమట పట్టదు, మెడలో దండ వాడదు, పాదాలు నేలకి ఆనవు, నీడ ఉండదు. నీడ ఉన్నవాడి మెడలో దండ వేసింది.

మన శ్రీకాళహస్తి కలంకారీలో, చేర్యాల పటాల్లో మనుషులకి కూడా నీడలు వేయరు. చేతకాక కాదు. పటం చూపిస్తూ కథ చెప్పేవాడికి రాముడు ఎన్ని గంటలకి నడిచాడన్న లెక్క అక్కర్లేదు. నీడ వేస్తే బొమ్మలోకి గడియారం వచ్చి కూచుంటుంది.

ఇంకో తమాషా ఉంది. నీడ ఎక్కడ ఆనిందన్నది కన్ను ఇంత పట్టించుకుంటుందా, దాని ఆకారాన్ని మాత్రం దాదాపు పట్టించుకోదు. పాట్రిక్ కావనా అనే ఆయన 2005లో నేచర్ పత్రికలో ఈ సంగతి రాశాడు. పాత చిత్రకారుల బొమ్మల్లో నీడలు భౌతికశాస్త్రం ప్రకారం తప్పుగా ఉన్నా చూసేవాళ్లకి తెలియదు. చుట్టుపక్కల కన్నా ముదురుగా ఉంటే చాలు, మెదడు "నీడే" అని సంతకం పెట్టేస్తుంది. బ్యాంకులో పాత గుమాస్తాలా.

మధ్యాహ్నం నిద్రపోమంటే ఎవరు పోతారు? ఫోనులో వాళ్లకి అమెరికా చిత్రకారుడు వేన్ టీబో కేకుల్ని చూపించాను. 1920లో పుట్టి 2021లో, 101 ఏళ్ల వయసులో పోయాడు. కుర్రతనంలో లాంగ్ బీచ్‌లో ఒక కేఫ్‌లో పనిచేశాడు, డిస్నీ స్టూడియోలో కొన్నాళ్లు శిక్షణలో ఉన్నాడు. తర్వాత కాలిఫోర్నియాలో ఉంటూ, డేవిస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, 1960ల మొదట్లో అద్దాల అల్మారాలో ఉండే కేకులూ 'పై' ముక్కలూ గుర్తు తెచ్చుకుని వేయడం మొదలుపెట్టాడు. తైలవర్ణాలు, పేస్టల్స్ రెండూ వాడాడు. 1963లో వేసిన 'కేక్స్'లో 13 కేకులున్నాయి. అది ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. కేకు మీద క్రీము ఎంత మందంగా పూస్తారో రంగు కూడా అంత మందంగా, అదే చేతివాటంతో పూశాడు. బాబిగాడు తెరని నాకబోయాడంటే చూడండి.

చిన్ని చూపు మాత్రం కేకుల కిందకి వెళ్లింది. తెల్లటి బల్ల మీద ప్రతి కేకు పక్కనా నీలం నీడ. బూడిద నీలం కాదు, నిలదీసి చెప్పే నీలం. కేకుల అంచుల వెంట సన్నగా ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గీతలు కూడా.

"మేడ మీదంటే ఆకాశం ఉంది. కేకుల కొట్లో ఆకాశం ఎక్కడుంది తాతయ్యా?"

మంచి ప్రశ్న పడింది. "సాయంత్రం కరెంటు పోతే చెబుతాను" అన్నాను. మా ఊళ్లో ఆ భరోసా మీద ఎవరైనా మాటివ్వొచ్చు.

నాలుగింటికి అమ్మమ్మ ఉల్లిపాయ పకోడీ వేసి పేపరు ముక్కల్లో పెట్టి ఇచ్చింది. తినడం అయ్యాక నూనె పట్టిన కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకోమన్నాను. నూనె అంటినచోట అవతలి కిటికీ కనిపిస్తోంది. చిన్ని డబ్బాలోని కడ్డీల రహస్యం ఈ కాగితంలోనే ఉంది.

పేస్టల్ కడ్డీ అంటే రంగుపొడి, తెల్లదనానికి సుద్ద లాంటిది, ముద్ద కట్టడానికి చిటికెడు జిగురు. అంతే. గీస్తే పొడి గింజలు కాగితం గరుకులో ఇరుక్కుంటాయి. గింజకీ గింజకీ మధ్య గాలి. కాంతి గాలిలోంచి గింజలోకి, గింజలోంచి గాలిలోకి పోయే ప్రతిసారీ వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. అలా లోపల పదిసార్లు తూలి బయటకి వచ్చేస్తుంది. అందుకే పేస్టల్ రంగు పైన మెరుపు లేకుండా, లోపల దీపం పెట్టినట్టుంటుంది. నూనె పోస్తే ఆ గాలి స్థానంలోకి నూనె చేరుతుంది. నూనె కాంతిని వంచే తీరు సుద్ద తీరుకి దగ్గర. గాలి 1 అయితే నువ్వు తినే పకోడీ నూనె 1.47, సుద్ద 1.6 చిల్లర. ఇక కాంతికి ఎక్కడ తూలాలో తెలియదు, నేరుగా అవతలికి పోతుంది. సుద్దని నూనెలో కలిపితే తెల్లదనం పోయి బంకమన్నులా అయ్యేది అందుకే. సంక్రాంతికి గోడకి సున్నం కొట్టినప్పుడు తడిగా ఉన్నంతసేపు మసగ్గా ఉండి, ఆరేకొద్దీ తెల్లబడదూ? తడిపిండి ముగ్గు వేసేటప్పుడు వంకర కనిపించక, ఆరాక కనిపించి మీ అమ్మ నాలిక కరుచుకోదూ? నీళ్లు పోయి గాలి వచ్చింది, అంతే.

ఇది చెబితే మా అమ్మాయి పిట్స్‌బర్గ్‌లో ఉన్న రోజులు గుర్తొస్తాయి. అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి పులిహోర తిని, మధ్యాహ్నం కార్నెగీ మ్యూజియంకి తీసికెళ్లింది. పెద్ద పెద్ద బొమ్మల మధ్య అడుగున్నర వెడల్పు కూడా లేని ఒక చిన్న బొమ్మ. గ్లాసుడు నీళ్లు, ఒక కాఫీ పాత్ర, కాసిని వెల్లుల్లిపాయలు. 1761 ప్రాంతంలో పారిస్‌లో షార్దాఁ అనే ఆయన వేశాడు. రాజులు లేరు, యుద్ధం లేదు. అంత దూరం విమానంలో వెళ్లి మా వంటింటి గట్టు చూసినట్టయింది. గ్లాసు పక్కన నిలబడ్డవాణ్ని అమ్మాయి వచ్చి భుజం తట్టేదాకా కదల్లేదు. మీ అమ్మమ్మ మాత్రం "వెల్లుల్లి ఎండిపోయింది" అంది.

షార్దాఁ 1699లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, బిలియర్డ్స్ బల్లలు చేసేవాడు. 1728లో అక్కడి అకాడమీ ఈయన్ని జంతువుల, పళ్ల చిత్రకారుడిగా చేర్చుకుంది. అంటే బళ్లో చివరి బెంచీ అన్నమాట. పురాణాలూ చరిత్రా వేసేవాళ్లకి ముందు బెంచీలు. ఈయన రాగి తొట్టీ, గుడ్లూ, ఉల్లిపాయలూ, మసాలా రోలూ వేసుకుంటూ, బొమ్మకి నెలలు తీసుకుంటూ బతికాడు. నీడల్లో వస్తువులు ఒకదాని రంగు ఒకదానికి ఇచ్చుకోవడం ఈయన చూసినంత ఓపిగ్గా చూసినవాళ్లు తక్కువ. మనం పీట ముందు పది నిమిషాలు కూచున్నామే, ఆయన యాభై ఏళ్లు కూచున్నాడు.

డెబ్బై దాటాక కళ్లు చెడ్డాయి. తైలవర్ణాల్లో వాడే సీసపు పదార్థాలే కారణమంటారు. నూనెరంగులు పక్కన పెట్టి పేస్టల్స్ పట్టాడు. 1771లో తన బొమ్మ తానే వేసుకున్నాడు, ముక్కు మీద కళ్లజోడుతో. 1775లో మళ్లీ వేసుకున్నాడు, ఈసారి నెత్తికి గుడ్డ చుట్టుకుని, కంటికి వెలుతురు కొట్టకుండా నుదుటికి చూరు కట్టుకుని. ఆ చూరు నీడ మొహం మీద పడింది. ముసలి చర్మం మీది ఆ నీడని నలుపుతో పులమలేదు. చల్లటి రంగులూ వెచ్చటి రంగులూ గీతగీతగా పక్కపక్కన పెట్టాడు. రెండు బొమ్మలూ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. 1779లో పోయేదాకా పొడి రంగులతోనే గడిపాడు.

ఆయన కళ్ల సంగతి చదివినప్పుడల్లా నా కళ్లు గుర్తొస్తాయి. నాలుగేళ్ల కింద శుక్లం తీయించుకున్నాను. కట్టు విప్పిన మర్నాడు మేడెక్కితే ఆరేసిన పంచె మడతల్లో నీడ నీలంగా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఏమోయ్, నీలిమందు దిమ్మరించావా అని అమ్మమ్మ మీద కేకలేశాను. (చిన్ని అనుమానం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిందిగా.) శుక్లం ముదిరేకొద్దీ కంటిలో కటకం పసుపు తిరుగుతుంది, నీలికాంతిని లోపలికి రానివ్వదు. ఎన్నాళ్లుగానో నేను పసుపు అద్దాలలోంచి లోకం చూస్తున్నానని తీసేదాకా తెలియలేదు. నీడలు నీలంగానే ఉన్నాయి, నాకే అందలేదు. ఆపరేషన్ కాని రెండో కన్ను మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, వారం రోజులు పంచెనే చూస్తూ కూచున్నాను. అమ్మమ్మకి భయమేసి మళ్లీ డాక్టరుకి చూపిద్దామంది.

ఆరున్నరకి కరెంటు పోయింది. మాట నిలబెట్టుకునే రోజు.

కిటికీ బయట సూర్యుడు దిగిపోయి ఆకాశం ఇంకా వెలుగుతోంది. బల్ల మీద తెల్లకాగితం పరిచి, దానికి అటువైపు కొవ్వొత్తి, ఇటువైపు కిటికీ ఉండేలా చూసి, నడుమ ఒక పెన్నుని లక్కముక్కతో నిలబెట్టాను. కొవ్వొత్తిని కాస్త ముందుకీ వెనక్కీ జరిపితే పెన్నుకి రెండు నీడలు సమానంగా వచ్చాయి. ఒకటి నీలం. ఒకటి నారింజ. ఈసారి ఫోను అక్కర్లేకపోయింది, బాబిగాడే అరిచాడు. కొవ్వొత్తి ఆగిన చోట కిటికీ వెలుతురు మాత్రమే పడుతోంది, అది నీలం. కిటికీ ఆగిన చోట కొవ్వొత్తి ఒక్కటే. ఇంతవరకూ పొద్దుటి లెక్కే.

అప్పుడు పేపరు గొట్టంలా చుట్టి చిన్ని కంటికి పెట్టాను. "నీలం నీడ ఒక్కటే కనిపించేలా చూడు. చుట్టుపక్కలది రానివ్వకు."

కాసేపు చూసింది. "తాతయ్యా, నీలం పోతోంది. తెల్లగా, మట్టిగా..." గొట్టం తీయగానే నీలం మళ్లీ వచ్చి కూచుంది.

ఈ గొట్టం నాది కాదు, రమ్‌ఫర్డ్ అనే ఆయనది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని చూసి, వేడి అనేది పదార్థం కాదు కదలికేనని వాదించినవాడు. 1794లో రంగు నీడల మీద ప్రయోగాలు రాశాడు. రెండు దీపాల్లో ఒకదాని ముందు రంగు అద్దం పెడితే, రంగే లేని రెండో దీపపు వెలుతురు పడిన నీడ కూడా రంగు తిరుగుతుంది. గొట్టంలోంచి ఆ నీడనే చూస్తే, పక్కవాడు అద్దాలు ఎన్ని మార్చినా అందులో ఏ మార్పూ లేదు. రంగులో కొంత పంచె మీద ఉంటుంది, కొంత కంట్లో తయారవుతుంది. చుట్టూ పసుపు వెలుతురుంటే కన్ను దాన్నే తెలుపనుకుని సర్దుకుంటుంది. అప్పుడు మామూలు తెలుపు కూడా దాని పక్కన నీలంగా తోస్తుంది.

పారిస్‌లో గోబెలాఁ అనే పేరున్న నేత కార్ఖానాలో అద్దకం చూసే షెవ్రల్ అనే రసాయనవేత్తకి ఇదే తలనొప్పి వచ్చింది. నల్లదారం నలుపెక్కడం లేదని ఫిర్యాదు. దారం పరీక్షిస్తే అద్దకంలో దోషం లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల నలుపు తేలిపోతోంది. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే వేశాడు. ఈయన నూట రెండేళ్లు బతికాడు. రంగుల పక్కన కూచుంటే ఆయుష్షు పెరుగుతుందేమో, టీబోని చూసినా అలాగే ఉంది. మీ అమ్మమ్మ షెవ్రల్‌ని చదవలేదు. కానీ జాకెట్టుముక్కని ఎప్పుడూ కొట్లో దీపాల కింద ఖాయం చేయదు. చీరా ముక్కా రెండూ పట్టుకుని మెట్ల దాకా వచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తుంది. కొట్టువాడి మొహం మాడుతుంది.

"అంటే కేకుల నీడల్లో నీలం టీబో కంట్లోది" అంది చిన్ని.

"కంట్లోది కొంత. పసుపు దీపం కింద నీకూ కాస్త నీలంగానే తోస్తుంది. ఆయన దాన్ని దాచుకోకుండా గొంతు పెంచి చెప్పాడు. కేకు అంచున ఎర్రగీతా ఆకుపచ్చగీతా వేసిందీ అందుకే. రెండు రంగులు కలిసే చోట కన్ను కొట్టుకులాడుతుంది, అది కూడా వేశాడు."

కరెంటు వచ్చింది. పెన్ను నీడలు రెండూ మాయమయ్యాయి. మళ్లీ ఆర్పమని బాబిగాడు ఏడుపు.

మర్నాడు పొద్దున అదే పీట, అదే చెంబు. ఈసారి నల్లకడ్డీని చిన్ని డబ్బాలోంచి తీసి నా జేబులో పెట్టింది, దగ్గరుంటే చెయ్యి పోతుందట. చెంబు నీడలో ముందు నీలం పలచగా వేసి, దాని మీద ఊదా, చెంబు పక్కన బంగారుపసుపు, అడుగున ఇటుకరంగు. వేలితో అద్దలేదు, గీతలు గీతలుగానే వదిలింది. షార్దాఁ వేషాలు. మట్టు పీటకి ఆనే దగ్గర వెంట్రుకవాసి గీతకి మాత్రం నా జేబు తడిమింది. సూర్యుడు గంటకి 15 డిగ్రీల చొప్పున జరిగిపోతుంటే వేసిన నీడ ఒకచోట, ఉన్న నీడ ఒకచోట. "కాస్త ఆగమని చెప్పు తాతయ్యా" అని నన్ను కసురుకుంది.

చెంబు కూచుంది. నిమ్మకాయ కూచుంది. రెండు వెల్లుల్లిపాయలకీ నీడలు పడ్డాయి. మూడోది మొదలుపెట్టేలోపు అమ్మమ్మ వచ్చి దాన్ని తీసుకుపోయింది.

"అమ్మమ్మా! దానికింకా నీడ వెయ్యలేదు!"

"చారు పొయ్యి మీదుందే తల్లీ" అని వంటింట్లోంచే సమాధానం, వెనకే పోపు చిటపట.

చిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబిగాడు బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తెచ్చి ఆ చోట పెట్టాడు. "ఇది చూసి వెయ్యి, ఏం కాదు." వేసింది. ఉల్లిపాయ నీడ లావుగా, గుండ్రంగా, కాస్త గులాబీ కలిసి, సన్నటి వెల్లుల్లిపాయ కింద పడుకుంది. రాత్రి వీడియో కాల్‌లో వాళ్లమ్మకి బొమ్మ చూపించారు. చెంబు మెరుపు బాగుందంది. వెల్లుల్లి తొక్క ఎంత బాగా వచ్చిందో అంది. ఫోను దగ్గరకి పెట్టమని మరీ చూసింది. బాబిగాడు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నా వంక చూశాడు. నేను కళ్లజోడు తుడుచుకుంటూ కూచున్నాను.